30 రూపాయల సక్కర్ చేప కొల్లేటి వలలోకి ఎలా వచ్చింది: మత్స్యశాఖకూ, అక్వేరియం వ్యాపారులకూ బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మత్స్యశాఖల అధికారులకూ, రెండు రాష్ట్రాల్లోని అక్వేరియం దుకాణాల యజమానులకూ,

నమస్కారం. నేను ఏలూరులో ఉంటాను, బడిపంతులమ్మను. 19 ఏళ్లుగా ఇంట్లో చేపలు పెంచుతున్నాను. అక్వేరియంలో పెంచే పరాయి చేపలు మన కాలవల్లోకీ, కొల్లేట్లోకీ చేరుతున్న విషయం మీద ఒక ప్రభుత్వ కార్యాలయానికి రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోది పట్టుకుని స్వయంగా వెళితే, "అలంకరణ చేపల సంగతి మా పరిధిలోకి రాదమ్మా" అన్నారు. మరి ఎవరి పరిధిలోకి వస్తుందని అడిగితే చెప్పేవాళ్లు లేరు. అందుకే అందరికీ కలిపి, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

కిందటేడు నా పాత విద్యార్థి ఒకడు కొల్లేటి లంకలో గృహప్రవేశానికి పిలిచాడు. వాళ్ల నాన్న చేపలు పట్టి పిల్లల్ని చదివించిన మనిషి. భోజనాలయ్యాక ఆయన పెరట్లో వల బాగు చేసుకుంటుంటే దగ్గర కూర్చున్నాను. వలలో చెయ్యి పట్టేంత చిల్లులు. పక్కనే గట్టు మీద నల్లగా, ఒళ్లంతా పెంకులతో ఉన్న చేపలు ఏడెనిమిది పడున్నాయి. పొద్దున పట్టి పారేసినవట, మధ్యాహ్నానికి కూడా ఒకటి రెండు మొప్పలు కదుపుతూనే ఉన్నాయి. "దెయ్యం చేప అంటామండీ మేం. ఇది ఏరు తెచ్చిన చేప కాదంట మేడంగారూ. పట్నాల్లో గాజు పెట్టెల్లో పెంచుకునేవోళ్లు వదిలేస్తే వచ్చిందంటండీ" అన్నాడాయన. మా ఇంట్లో నాలుగు గాజు పెట్టెలున్నాయని ఆయనకు తెలియదు. నాకు నోట మాట రాలేదు. ఆ రోజు ఆయనకు చెప్పలేకపోయింది ఇవాళ మీకు చెబుతున్నాను.

చాలాకాలంగా చేపలు పెంచేవాళ్లని ఎవరిని కదిపినా, "ఆ చేపను మాత్రం నా ట్యాంకులోకి రానివ్వను" అనే జాబితా ఒకటి బయటికొస్తుంది. వినేవాళ్లకు అది చాదస్తంగా తోస్తుంది. కానీ అందం చాలదనో, రంగు నచ్చలేదనో ఆ చేపల్ని కాదనడం లేదు. కొన్నప్పుడు దుకాణంలో చెప్పింది ఒకటి, పెరిగాక ఇంట్లో జరిగింది ఇంకొకటి. ఆ జాబితాలోని చేపలన్నిటికీ ఉన్న పోలిక ఇదే. చేప చేసిన తప్పేమీ లేదు. దాని సంగతి దాచి అంటగట్టిన తీరు మీదే మా కోపం.

జాబితాలో మొదటి పేరు ఎప్పుడూ సక్కర్ చేపదే. లంకలో గట్టు మీద నేను చూసిన దెయ్యం చేప ఇదే. దుకాణాల్లో 'ట్యాంక్ క్లీనర్' అంటారు. రెండంగుళాల పిల్లను నేను 30 రూపాయలకు కొన్నాను. అద్దానికి నోరు అంటించుకుని వేలాడుతుంటే పిల్లలకు చూడముచ్చటగా ఉంటుంది. "మిగతా చేపల మురికంతా ఇదే తినేస్తుంది, దీనికి వేరే మేత వెయ్యక్కర్లేదు, నీళ్లు కూడా మార్చక్కర్లేదు" అని చెప్పి ఇచ్చారు. నమ్మాను. అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. అది తినేది పాచిని. చేపల పెంటను తినదు. పైగా అది తినే దానికి తగ్గట్టు అదే ఎక్కువ మలినం వదులుతుంది. నీళ్లు ముందుకంటే తరచుగా మార్చాల్సి వస్తుంది. అద్దం మీది పాచి అయిపోయాక దానికి దోసకాయ ముక్కో, ఆకుకూరో, మేత బిళ్లో వెయ్యాలి. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మా గోల్డ్‌ఫిష్ ఒంటి మీద తెల్ల మచ్చలు వస్తుంటే రోగమనుకుని నెలరోజులు మందులు పోశాను. ఒక రాత్రి కరెంటు పోయి టార్చి వేసి చూస్తే తెలిసింది, సక్కర్ దాని ఒంటికి అతుక్కుని జిగురు పొర గీకి తింటోంది. ఆకలికి అది చేసిన పని అది.

దీని సొంత గడ్డ దక్షిణ అమెరికా నదులు. అక్కడ అడుగున్నర పెరుగుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. నా దగ్గర మూడో ఏటికే 14 అంగుళాలైంది. మూడడుగుల ట్యాంకులో వెనక్కి తిరగడానికే దానికి చోటు చాల్లేదు. కొన్న దుకాణానికే తీసుకెళ్లి ఊరికే ఇస్తానన్నాను. "పెద్దదాన్ని ఎవరూ కొనరమ్మా, తమ్మిలేట్లో వదిలెయ్యండి, హాయిగా బతుకుతుంది" అన్నారు. ఏలూరు తెలిసినవాళ్లకు ఆ మాట బరువు వేరే చెప్పక్కర్లేదు. కృష్ణా కాలువా గోదావరి కాలువా కలిసే ఊరు మాది. తమ్మిలేరు ఇక్కణ్నుంచి కొల్లేట్లోకే పోతుంది. నేను వదల్లేదు. పెరట్లో సిమెంటు తొట్టి కట్టించి పదకొండేళ్లు సాకాను. అందరికీ పెరడు ఉండదు. ఆ సలహా విన్నవాళ్లలో ఎంతమంది కాలవ గట్టు దాకా వెళ్లారో తలుచుకుంటే ఇప్పటికీ గుబులుగా ఉంటుంది.

రెండో రకం మోసం ఇంకా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అది మన చెరువుల మధ్యే జరుగుతోంది. 'షార్క్' అని పేరు పెట్టి జతల లెక్కన అమ్మే వెండి రంగు పిల్లలు సొర చేపలు కావు. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో మన రైతులు పెంచే పంగస్ పిల్లలే అవి. మెకాంగ్ నది చేప, మీటరు దాటి పెరుగుతుంది, గుంపుగా తిరిగే జాతి. రెండడుగుల తొట్టిలో బెదిరి అద్దానికి ముక్కు కొట్టుకుని పుండ్లు పడి చస్తుంది. 'ఎర్ర పొట్ట పిరానా' అని పిల్లలకు చూపించి అమ్మేది చాలాసార్లు మన రూప్‌చందే. కైకలూరు వైపు ఏ చెరువు రైతును అడిగినా అది ఎంత పెరుగుతుందో చెబుతాడు. పట్నంలో కొనే తండ్రికి మాత్రం ఎవరూ చెప్పరు. చెరువులో ఉన్నంతకాలం ఈ రెండూ పంట. మారుపేరుతో ఇంట్లోకి వచ్చాక ఆర్నెల్లకు ఎక్కడ వదలాలో తెలియని బరువు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. 'ఆల్గీ ఈటర్' అని అమ్మే చేప పిల్లగా ఉన్నప్పుడు సాధువు, పెద్దయ్యాక తోటి చేపల వెంటపడి పొడుస్తుంది. ప్యారట్ చేపను మనుషులు సంకరం చేసి పుట్టించారు, చాలావాటికి నోరు సరిగా మూసుకోదు, మేత అందుకోవడమే కష్టం. ఫ్లవర్‌హార్న్‌ను అదృష్టం కోసమని, వాస్తు కోసమని కొనిపిస్తారు. అది ఇంకే చేపనూ పక్కన ఉండనివ్వదు. ఆ ఇంట్లో ఆశించింది జరగకపోతే చేపకు చోటు పోతుంది. ఇక సూదితో రంగు ఎక్కించిన గాజు చేపల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఒళ్లంతా అద్దంలా ఉండి లోపలి ముల్లు కనిపించే ఆ చేప మన దేశపు ఏటి చేప. ఉన్న అందం చాలదని దాన్ని పొడిచి రంగులు నింపారు.

ఇవన్నీ అభిరుచి ఉన్నవాళ్ల ఇంటి గొడవలైతే మీకు లేఖ రాసేదాన్ని కాదు. గాజు తొట్టి దాటాక ఆ భారం ఎవరి మీద పడుతోందో చూడండి.

1. వల. సక్కర్ చేప వీపు మీదా, రెండు పక్కలా గట్టి ముళ్లుంటాయి. వలలో పడగానే వాటిని నిక్కించి బిగించేస్తుంది. లాగితే వల చిరుగుతుంది, చేత్తో తీయబోతే వేళ్లు కోసుకుంటాయి. ఒక్కొక్కదాన్ని విడదీసే లోపు వలలో పడిన మంచి చేప పాడవుతుంది. పట్టిన సక్కర్‌ని కొనేవాళ్లు లేరు. ఆ పూట కూలి పోయినట్టే, పైగా వల ఖర్చు మీద పడుతుంది. నేను చూసిన ఆ వల ఖరీదు ఆయన అప్పు చేసి కట్టినది.

2. గట్టు. మగ చేప గట్టులో మూరెడు, ఒక్కోచోట గజం లోతుకు బొరియ తవ్వుతుంది. ఆడ చేప అందులో వందల నుంచి వేల దాకా గుడ్లు పెడుతుంది, మగది కాపలా ఉంటుంది. అందుకే అంత త్వరగా పెరిగిపోతాయి. మెక్సికోలో, అమెరికాలోని ఫ్లోరిడాలో ఇలాంటి బొరియల వల్ల గట్లు కోతకు గురయ్యాయి. మనది కాలవల దేశం. మట్టి గట్ల మీద బతికే డెల్టా. వర్షాకాలంలో గండి పడితే ముందు మునిగేది కౌలు రైతు చేను.

3. చెరువు. తూము జాలీ కాస్త చిరిగినా ఇది కాలవ నీటితోపాటు చెరువులోకి వచ్చేస్తుంది. బొచ్చె, శీలావతి కోసం వేసిన మేత దీని నోట్లోకి పోతుంది. చెరువు ఎండగట్టినా వెంటనే చావదు. నోటితో గాలి మింగి, కడుపుతోనే ఊపిరి తీసుకోగలదు.

4. పులుసు. దీని గురించి ఎవరూ లెక్క రాయరు. పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు పేదింటి చేపలు. సంతలో తక్కువ ధరకు దొరికి, ముల్లుతో సహా నమిలి తినగలిగినవి. సక్కర్ పాచిని ఊడ్చేస్తే ఆ చిన్న చేపలకు తిండి తగ్గుతుంది. అడుగున పెట్టిన గుడ్లు కూడా గీకేటప్పుడు దాని నోట పడతాయి. చిన్న చేప పోయిన చోట కూలి ఇంటి పిల్లల కంచంలోంచి మాంసకృత్తులు పోయాయి.

5. పక్షి. కొల్లేటి దగ్గరి ఆటపాకకు గూడబాతుల్ని చూడ్డానికి జనం వస్తారు. ప్యూర్టోరికో దీవిలో ఈ జాతి చేపను మింగబోయి, ముళ్లు గొంతులో ఇరుక్కుని గూడబాతులు చనిపోయిన దాఖలాలు ఉన్నాయి. కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందినది. ఇక్కడా అలా జరగడం మొదలయ్యాకే కదులుదామంటే ఆలస్యమవుతుంది.

ఇది నా ఒక్కదాని భయం కాదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చేపను పట్టకుండానే నీటిలో కలిసిన దాని డీఎన్ఏ ఆనవాళ్లతో గుర్తించే పద్ధతి తయారు చేశారు. ఆ పద్ధతితో పరీక్షిస్తే తూర్పు కనుమల్లో చూసిన నీటి వనరుల్లో సగానికి పైగా చోట్ల ఈ చేప ఉన్నట్టు తేలింది. మెక్సికోలోని ఇన్ఫియర్నియో జలాశయం ఒకప్పుడు టిలాపియాకు, అంటే మన జిలేబి చేపకు పేరుమోసింది. అక్కడ సక్కర్ చేరాక జాలర్ల వలల్లో జిలేబి తగ్గిపోయి ఇదే ఎక్కువ పడే స్థితి వచ్చింది. జిలేబి మాట వచ్చింది గనక ఒకటి గుర్తు చేస్తాను. దాన్ని మన దేశానికి 1952లో మనమే తెచ్చుకున్నాం. ఇవాళ దాన్ని మన చెరువుల్లోంచి తీసెయ్యగలిగేవాళ్లు ఎవరూ లేరు. ఒకసారి నీళ్లలో పాతుకుపోయిన చేపను వెనక్కి తియ్యడమంటూ ఉండదు.

సక్కర్ ఒక్కటే కాదు. 2018 వరదల్లో కేరళ నదుల్లో అరపైమా, ఎలిగేటర్ గార్ వంటి చేపలు పట్టుబడ్డాయి, పెంపకం తొట్లలోంచి కొట్టుకొచ్చినవి. 2023లో కాశ్మీర్ దాల్ సరస్సులో కూడా ఎలిగేటర్ గార్ దొరికింది. అమెరికా మిసిసిపీ నది చేప అది, ఆరడుగులు దాటి పెరుగుతుంది. ఎవరో కొనకుండా, ఎవరో వదలకుండా శ్రీనగర్ దాకా ఎలా వచ్చింది?

చట్టం లేదని అనడానికి లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణలో 62ఎ అనే సెక్షన్ చేర్చారు. హాని చేసే పరాయి జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, పెంపకాన్ని నియంత్రించడానికి, నిషేధించడానికి కేంద్రానికి అది అధికారమిస్తుంది. రాష్ట్రాలు ఆధారాలతో అడిగితే అది కదలడం తేలికవుతుంది. అక్వేరియం దుకాణాల మీద 2017లో కేంద్ర పర్యావరణ శాఖ నిబంధనలు తెచ్చి, వ్యాపారులు గోల పెట్టడంతో కొద్ది నెలలకే వెనక్కి తీసుకుంది. ఆ నిబంధనల్లో లోపాలున్నాయి, నాకూ కొన్ని నచ్చలేదు. కానీ వాటి స్థానంలో మరొకటి రావాల్సింది. మన పొరుగున బంగ్లాదేశ్ 2023లో సక్కర్ చేప అమ్మకాన్నీ పెంపకాన్నీ నిషేధించింది. ఉత్త నిషేధం సరిపోతుందని కూడా నేననను. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను నిషేధించి పాతికేళ్లయింది, ఇప్పటికీ దొంగచాటు చెరువుల్లో పట్టుబడుతూనే ఉంది. ఇంట్లో పెరిగిపోయిన చేపను ఇచ్చే చోటు చూపించకుండా అమ్మకం ఆపితే, జనం రాత్రికి రాత్రి కాలవల్లో పోసి చేతులు దులుపుకుంటారు. కాబట్టి నా డిమాండ్లలో మొదటిది నిషేధం కాదు.

1. ప్రతి జిల్లా కేంద్రంలో ఒక అప్పగింత కేంద్రం పెట్టండి. పెంచలేని చేపను ఎవరైనా పేరు చెప్పకుండా, జరిమానా లేకుండా ఇచ్చి వెళ్లగలగాలి. తిరిగి పెంచగలిగినవాటికి చోటు చూడండి, కుదరనివాటిని పశువైద్యుల చేత నొప్పి తెలియకుండా చంపించండి. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి ఆడలేదు. కానీ గట్టు మీద ఎండలో పూటంతా కొట్టుకుని చచ్చేకంటే అది దయ. మత్స్యశాఖకు చేప విత్తన క్షేత్రాలున్నాయి, ఒక మూల రెండు తొట్లు చాలు.

2. అది మొదలైన ఆరు నెలలకు సక్కర్, ఎలిగేటర్ గార్, వాటిలాగే తొట్టి పట్టనంత పెరిగే రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్లల అమ్మకం రెండు రాష్ట్రాల్లో ఆపండి. చెన్నై, కోల్‌కతాల నుంచి వచ్చే సరుకును అక్కడే ఆపగలిగేలా 62ఎ కింద ప్రకటన ఇవ్వమని కేంద్రానికి రాయండి. రెండు రాష్ట్రాలూ కలిసి రాయండి. కృష్ణ, గోదావరి రెంటిలోనూ పారుతున్నాయి.

3. ప్రతి దుకాణంలో, ప్రతి తొట్టి మీద తెలుగులో మూడు సంగతులు రాయించండి: చేప అసలు పేరు, పూర్తిగా పెరిగితే పొడవు, దానికి కావలసిన తొట్టి కొలత. పంగస్‌ను పంగస్ అనే, రూప్‌చంద్‌ను రూప్‌చంద్ అనే అమ్మాలి. పైసా ఖర్చు లేని పని ఇది. మిగతావన్నీ ఆలస్యమైనా ఇది వచ్చే నెలలో మొదలుపెట్టొచ్చు.

4. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద అలంకరణ చేపల యూనిట్లకు 40 శాతం, మహిళలకూ ఎస్సీ ఎస్టీలకూ 60 శాతం సబ్సిడీ ఇస్తున్నారు. మంచి పథకం. పై జాతుల్ని పెంచబోమనే షరతు దానికి చేర్చండి. మన జీబ్రా డానియో రెండంగుళాలు మించదు, గుంపుగా ఈదితే చూడ్డానికి కళ్లు చాలవు, వేడినీ చలినీ తట్టుకుంటుంది. ఇలాంటి దేశీ చేపల్ని పెంచే మహిళా సంఘాలకు ముందు వరుస ఇవ్వండి.

5. సీసీఎంబీ పద్ధతితో కొల్లేరు, ఏలూరు కాలవలు, ప్రకాశం బ్యారేజీ ఎగువన, ధవళేశ్వరం దగ్గర, తెలంగాణలో హుస్సేన్‌సాగర్ నుంచి ఊరి చెరువుల దాకా ఏటా నీళ్లు పరీక్షించి, ఫలితాలు ప్రజల ముందు పెట్టండి.

6. సక్కర్ వల్ల వలలు పోగొట్టుకున్న జాలర్లకు పరిహారం ఇవ్వండి. పట్టి తెచ్చిన సక్కర్‌ని కిలోకింత అని కొనండి. పారెయ్యడానికి మళ్లీ నీళ్లలోకి విసిరే పని అప్పుడే ఆగుతుంది.

7. దోమల కోసం ఊళ్లలో గాంబూసియా చేపల్ని వదిలే పురపాలక, ఆరోగ్య సిబ్బందితో మాట్లాడండి. అది కూడా పరాయి చేపే. ప్రపంచంలో అతి హానికరమైన 100 పరాయి జాతుల జాబితాలో దాని పేరుంది. మురుగు గుంట వేరు, పరిగెలు బతికే చెరువు వేరు. తేడా చూడకుండా పోస్తున్నారు.

వ్యాపారులకు ఒక మాట. మీ పొట్ట కొట్టాలని నాకు లేదు. 19 ఏళ్లుగా నా జీతంలో కొంత మీకే ఇస్తున్నాను. నాకు చేపల రోగాలు, ఫిల్టరు పనితీరు నేర్పింది కూడా మీలో ఒకరే. కొత్తగా వచ్చేవాడికి తొట్టీ చేపలూ ఒకేరోజు కట్టివ్వకండి. తొట్టిలో నీళ్లు నింపి ఫిల్టరు పెట్టాక, మలినాన్ని విరిచే సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఆగమని చెబితే ఆ రోజు మీ బేరం చిన్నదవుతుంది, నిజమే. కానీ వారానికే చేపలన్నీ చచ్చిపోయి, తొట్టి అటక ఎక్కించిన ఇల్లు మళ్లీ మీ మెట్లెక్కదు. నాలాగా ఏళ్ల తరబడి వచ్చేవాళ్లే మీకు మిగులు. పాచి సమస్యతో వచ్చినవాడికి సక్కర్ పిల్ల ఇవ్వకండి. దీపం వెలిగే గంటలు తగ్గించమనండి, మేత తగ్గించమనండి, అద్దం గీకే స్పాంజి అమ్మండి.

తోటి పెంపకందార్లలో ఎవరింట్లోనైనా ఇప్పుడు పెద్ద సక్కర్ ఉంటే, దయచేసి కాలవ దాకా తీసుకెళ్లకండి. ఏలూరు చుట్టుపక్కల వాళ్లయితే నా పెరటి తొట్టి ఖాళీగానే ఉంది, మూడు నాలుగింటిని సాకగలను.

అధికారులారా, తొలకరి పడితే తమ్మిలేరు, బుడమేరు కొల్లేట్లోకి పొంగుతాయి. గుంటల్లో, కాలవల్లో ఉన్న సక్కర్లన్నీ ఆ నీటితో కొత్త చోట్లకు పోతాయి. ఆ లోపు కనీసం ఒకటో, మూడో డిమాండ్ల మీద ఎప్పుడు పని మొదలవుతుందో తేదీ చెప్పండి. ఈ లేఖ అచ్చు తీసుకుని సెలవుల్లో లంకకు వెళ్తున్నాను. మా ఇంట్లో గాజు పెట్టెలున్న సంగతి ఆయనకు ఈసారి చెబుతాను. మీరిచ్చిన తేదీ కూడా చెప్పగలిగితే బాగుంటుంది.

ఇట్లు,
చేపలు పెంచుకునే ఒక ఉపాధ్యాయురాలు,
ఏలూరు